కాశీలో తొమ్మిది నిద్రలు, ఒక అద్దె వంటిల్లు



మన ఇళ్లలో పెద్దవాళ్లు ఏదో ఒకనాడు, అన్నం తిని చెయ్యి కడుక్కుంటూనో, మంచం మీద కూర్చుని మోకాళ్లకు నూనె రాసుకుంటూనో, "ఒక్కసారి కాశీ చూపించండిరా" అంటారు. ఆ మాట అన్నాక పిల్లలు చేసే మొదటి పని రైలు టిక్కెట్లు చూడటం. రెండో పని బస. నేను ఇవాళ ఆ రెండో పని గురించే మాట్లాడతాను. అందులోనూ హోటలు గదుల సంగతి కాదు. ఒక పది రోజులపాటు వంటిల్లుతో సహా చిన్న ఇల్లు అద్దెకు తీసుకుని, మన చేత్తో మనం వండుకుని తింటూ ఆ ఊళ్లో ఉండటం గురించి.

ఇది కొత్త సంగతేమీ కాదు. మన తెలుగువాళ్లు కాశీకి వెళ్లినప్పుడల్లా స్వయంపాకమే చేసుకున్నారు. 1830 మే నెలలో మద్రాసు నుంచి బయలుదేరిన ఏనుగుల వీరాస్వామయ్యగారి సంగతి మీలో చాలామందికి తెలిసే ఉంటుంది. మద్రాసు సుప్రీం కోర్టులో దుబాసీగా పనిచేసిన పెద్దమనిషి. కడప, హైదరాబాదు, నాగపూరు, జబల్‌పూరు మీదుగా ప్రయాగకూ కాశీకీ వెళ్లి, గయ, కలకత్తా చూసుకుని, జగన్నాథం, గంజాం దారిన తిరిగివచ్చి 1831 సెప్టెంబరులో ఇల్లు చేరారు. ఆయన కాశీయాత్ర చరిత్ర 1838లో అచ్చయింది. ఆ పుస్తకం తిరగేస్తే ప్రతి మజిలీలోనూ ఆయన చూసేవి ఒకటే: దిగడానికి చోటుందా, నీళ్లు మంచివేనా, బజారులో సరుకులు దొరుకుతాయా. ఈ రోజుల్లో ఇల్లు అద్దెకు తీసుకునేవాడు అడగవలసిన ప్రశ్నలు కూడా ఇంచుమించు అవే. నేను అవి అడక్కుండా వెళ్లాను. అందుకే ఈ ప్రసంగం.

మాది బళ్లారి. 2022లో మార్గశిర మాసంలో, కార్తికం రద్దీ తగ్గాక, మా అమ్మను తీసుకుని కాశీ వెళ్లాం. అమ్మకు అప్పటికి డెబ్భైతొమ్మిదేళ్లు. రెండు మోకాళ్లూ అరిగిపోయాయి. బి.పి. ఉంది కాబట్టి ఉప్పు తగ్గించి వండాలి. బయటి తిండి ముట్టదు, ముట్టినా పడదు. నేనూ, మా ఆవిడా, మా చెల్లెలూ, బావగారూ కలిసి మొత్తం అయిదుగురం. తల్లి కడుపులో తొమ్మిది నెలలు ఉన్నందుకు గుర్తుగా కాశీలో తొమ్మిది నిద్రలు చేయాలని మన వైపు ఒక నమ్మకం ఉంది కదా, అమ్మకు ఆ తొమ్మిది నిద్రలూ కావాలి. రెండు రోజులైతే ఎక్కడైనా సర్దుకుంటాం. తొమ్మిది రాత్రులంటే అయిదుగురికి రోజుకు మూడు పూటలు, కాఫీలు, అమ్మకు విడిగా పత్యం. కొన్ని సత్రాల్లో మూడు రోజులకు మించి గది ఇవ్వరు. అందుకని వంటిల్లు ఉన్న ఇల్లే తీసుకుందామనుకున్నాం.

సెల్‌ఫోనులో ఫొటోలు చూశాం. ఒక ఫొటో దగ్గర అందరం ఆగిపోయాం. కిటికీ నిండా గంగ. పొద్దున సూర్యుడు అవతలి ఒడ్డున లేస్తున్నాడు. కాశీలో గంగ ఉత్తరానికి తిరిగి పారుతుంది, ఊరంతా పడమటి గట్టున ఉంది కాబట్టి ఘాట్ల మీది ప్రతి కిటికీ తూర్పు చూస్తుంది. ఆ ఒక్క కిటికీ చూసి మేం అడ్వాన్సు పంపేశాం. ఇంటివారు ఫోనులో రెండు మూడు ప్రశ్నలు అడిగారు. ఎంతమంది, ఎన్నాళ్లు, ఆధార్ నకళ్లు పంపండి అన్నారు. చివర కొంచెం ఆగి, "మాతాజీకి ఆరోగ్యం బాగానే ఉంది కదా?" అన్నారు. నాకు మొదట అర్థం కాలేదు. తరవాత తట్టింది. అది కాశీ. ముసలివాళ్లు అక్కడికి తిరిగి వెళ్లడానికే రారు. కాశీవాసం కోసం, చివరి రోజుల కోసం గది వెతుక్కునేవాళ్లు ఈనాటికీ వస్తారు. అలాంటి వారి కోసం అస్సీ దగ్గర ముముక్షు భవనం లాంటి చోట్లు ప్రత్యేకంగా ఉన్నాయి. పది రోజులకు ఇల్లిచ్చే మనిషికి ఆ భయం ఉండటంలో తప్పేమీ లేదు. అమ్మకు ఈ సంగతి చెప్పకూడదనుకున్నాను గానీ, స్పీకరులో ఆవిడ వినేసింది. "నేను తిరిగి వచ్చేస్తానని చెప్పబ్బీ ఆయనకు, ఇంట్లో ఆవకాయ జాడీ మూత కట్టలేదు" అంది.

ఆ ఇల్లు మూడో అంతస్తు. దశాశ్వమేధానికి ఉత్తరంగా, పాత గల్లీల నడుమ ఉంది. కాశీ పాతబస్తీని మీరు చూసి ఉండకపోతే ఇది ఊహించుకోండి: ఇద్దరు మనుషులు పక్కపక్కన నడిస్తే ఎదురుగా ఆవు వచ్చినప్పుడు ఒకరు గడప ఎక్కవలసినంత సందు. కారు గొదౌలియా దగ్గరే ఆగిపోతుంది. అక్కడి నుంచి సామాను కూలీ నెత్తిన, మనం వెనక. ఇంటి లోపలి మెట్లు రాతివి, ఒక్కొక్కటీ జానెడున్నర ఎత్తు, మలుపు దగ్గర చీకటి, పట్టుకోవడానికి కమ్మీ లేదు, తాడు కట్టి ఉంది. నేను లెక్కపెట్టాను, యాభై ఎనిమిది మెట్లు. బావగారు ముందు, నేను వెనక, అమ్మను ఎక్కించడానికి అరగంట పట్టింది.

కిటికీ మాత్రం ఫొటోలో ఉన్నట్టే ఉంది. అబద్ధం చెప్పకూడదు, అంత అందం నేను చూడలేదు. అమ్మ కుర్చీలో కూర్చుని చేతులు జోడించింది. ఆ రోజంతా అలాగే చూసింది. మర్నాడు కూడా చూసింది. మేం మాత్రం విడతలు విడతలుగా దిగి స్నానాలు చేసి వచ్చాం. వంటింటి సంగతి మా ఆవిడ సాయంత్రం కనిపెట్టింది. వంటిల్లు అంటే వాళ్ల లెక్కలో టీ కాచుకునే బల్ల. ఒక కరెంటు పొయ్యి, ఒక మూకుడు, రెండు పళ్లేలు, ఆరు టీ గ్లాసులు. కుక్కరు లేదు. నీళ్లు సింకులోకి సన్నగా దారంలా వస్తున్నాయి. ఆ పొయ్యి మీద అయిదుగురికి అన్నం, పప్పు వండి దించేసరికి మధ్యాహ్నం రెండున్నర అయింది. అమ్మ మాత్రలు వేసుకునేది పన్నెండున్నరకు.

రెండో రాత్రి భోజనాలయ్యాక అమ్మను "ఎట్లుంది మా?" అని అడిగాను. ఆవిడ కిటికీ వైపు చూపించి, "బాగుంది నాయనా. కానీ నేను గంగను చూసేకి వచ్చినానా? మునిగేకి వచ్చినాను" అంది. కోపంగా కాదు, మామూలుగానే అంది. నాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు. జీవితమంతా ఎదురుచూసిన నది వంద గజాల దూరంలో ఉంది. ఆవిడ దాన్ని సినిమాలా చూస్తూ కూర్చుంది. ఆ కిటికీకి నేను డబ్బు ఎక్కువ ఇచ్చి మరీ తీసుకున్నాను.

మూడో రోజు పొద్దున ఇల్లు మార్చాం. అడ్వాన్సు తిరిగి రాలేదు. ఆ ఇంటివారిని నేను తిట్టడం లేదు, వాళ్లు చూపించిన కిటికీ వాళ్లు ఇచ్చారు. మెట్లు ఎన్నని నేను అడగలేదు. పాండే హవేలీలో మానస సరోవర్ ఘాట్ వైపు ఉన్న ఆంధ్రాశ్రమం పరిసరాల్లో తెలుగు తెలిసిన మనుషులు ఎప్పుడూ దొరుకుతారు. అక్కడ ఒక పురోహితులవారిని అడిగితే, "ముసలమ్మగారు ఉన్నారంటున్నారు, ఇక్కడ కూడా ఘాట్ నిట్రంగా ఉంటుంది బాబూ, అస్సీ వైపు చూడండి" అన్నారు. ఆయన చెప్పిన మాట నిజం. అస్సీ ఘాట్ ఊరికి దక్షిణపు చివర ఉంది. రోడ్డు ఘాట్ దగ్గరిదాకా వస్తుంది. ముందు విశాలమైన చదును, తరవాతే మెట్లు, అవి కూడా మిగతా ఘాట్లంత నిలువుగా ఉండవు. దశాశ్వమేధం అక్కడికి రెండున్నర, మూడు కిలోమీటర్లు. విశ్వనాథుడు దూరమవుతాడు, నిజమే. కానీ బ్యాటరీ రిక్షా ఇంటి ముందే ఆగుతుంది.

అక్కడ దొరికింది రెండు గదులు, నడవా, వెనక వంటిల్లు. కింది అంతస్తు. కిటికీ లోంచి చూస్తే ఎదురింటి గోడ, దాని మీద ఎప్పుడో అంటించిన ట్యూషన్ల కాగితం. నదీ లేదు, ఏమీ లేదు. గడప దాటితే మూడు మెట్లు. నాలుగో రోజు తెల్లవారుజామున అమ్మ రిక్షాలో ఘాట్ దాకా వెళ్లి, మా చెల్లెలి భుజం పట్టుకుని, కింది మెట్టు మీద కూర్చుని, నీళ్లలో కాళ్లు పెట్టి, చెంబుతో మూడుసార్లు తలమీద పోసుకుంది. తరవాత చెంబు పక్కన పెట్టి నడుందాకా దిగి మునిగింది. చలికి పెదవులు వణుకుతున్నాయి. బయటికి వచ్చి మొదట అన్న మాట, "ఇంటికి పోయి ఉగ్గాణి చేస్తాను పదండి."

ఉగ్గాణి సంగతి బళ్లారి, అనంతపురం వాళ్లకు చెప్పనక్కర్లేదు. మిగతావారికి చెప్పాలంటే, బొరుగులు నీళ్లలో నానబెట్టి పిండి, ఉల్లిపాయలు, పచ్చిమిరపకాయలు, పుట్నాల పొడి వేసి తాలింపు పెట్టే ఉపాహారం. కాశీలో బొరుగులను లయ్యా అంటారు. వీధి వీధినా దొరుకుతాయి. మేం కొన్నవి మన బొరుగులంత గట్టివి కావు, నీళ్లలో వేసిన వెంటనే తియ్యకపోతే ముద్దయిపోతాయి. మొదటిరోజు ముద్దే తిన్నాం. రెండోరోజు కుదిరింది.

బజారు గురించి కొంచెం వివరంగా చెబుతాను, ఎందుకంటే ఇల్లు అద్దెకు తీసుకున్నాక రోజూ పనికొచ్చేది ఇదే. కందిపప్పును అక్కడ అర్హర్ అంటారు. బాగుంటుంది, త్వరగా ఉడుకుతుంది. బియ్యం రకరకాలు దొరుకుతాయి గానీ మన సన్నబియ్యం రుచి కావాలంటే దక్షిణాది యాత్రికులు తిరిగే సోనార్‌పురా, కేదార్ ఘాట్ వైపు దుకాణాల్లో అడగాలి. చింతపండు దొరుకుతుంది, మన పులుపు మనకు కావాలంటే ఇంటి నుంచి ఒక ముద్ద తీసుకెళ్లడమే మేలు. కరివేపాకు మాత్రం వెతుక్కోవాలి. కూరగాయల బండి మీద కరివేపాకు ఊరికే విసిరే ఊరు కాదది. ఎండబెట్టింది ఒక పొట్లం పట్టుకెళ్లండి. వంటనూనె అడిగితే ఆవనూనె చేతిలో పెడతారు, రిఫైండు అని స్పష్టంగా చెప్పాలి. ఇంట్లో ఉన్న మూకుళ్లకు కూడా ఆ వాసన పట్టి ఉంటుంది, మొదటిరోజు వాటిని చింతపండు, బూడిదతో తోమించుకున్నాం. పర్వల్ అనే చిన్న కాయలు దొరుకుతాయి, బరంపురం శ్రోతలకు అది పొటల, కొత్తేమీ కాదు. మిగతావాళ్లు దొండకాయ వేపుడులా చేసుకోవచ్చు. చలికాలంలో పచ్చి బఠాణీలు కుప్పలు పోస్తారు. పెరుగు మట్టిపిడతల్లో తూకం వేసి ఇస్తారు, మీగడతో సహా, కొంచెం తియ్యగా ఉంటుంది. అమ్మ దాన్ని మజ్జిగ చేసి అల్లం దంచి వేసేది. చలికాలం తెల్లవారుజామున మాత్రమే అమ్మే మలయ్యో అనే పాలనురుగు ఉంది, కుంకుమపువ్వు రంగులో, నోట్లో పెట్టుకుంటే గాలిలా పోతుంది. ఎండ ఎక్కితే అది ఉండదు. వంటిల్లు ఉంది కదా అని మూడు పూటలా ఇంట్లోనే తినవద్దు, దాన్ని మాత్రం వీధిలోనే తినండి.

ఇక ఇల్లు మాట్లాడుకునేటప్పుడు ఏం అడగాలో చెబుతాను. మొదట మెట్లు. ఏ అంతస్తు అని అడిగితే సరిపోదు, వీధి నుంచి మంచం దాకా ఎన్ని మెట్లు, కమ్మీ ఉందా అని అడగండి. అక్కడినుంచి నది దాకా ఎన్ని మెట్లు, అది వేరే లెక్క. తరవాత వండుకోనిస్తారా అని కాదు, ఏం వండుకోనిస్తారు అని అడగాలి. ఉల్లి, వెల్లుల్లి ఒప్పుకోని ఇళ్లు ఉన్నాయి. అలాంటిచోట మాంసం మాట ఎత్తనే అక్కర్లేదు. గ్యాసా, కరెంటా? కరెంటైతే పోయినప్పుడు ఏమిటి? కుక్కరు ఎన్ని లీటర్లది? తాగే నీళ్ల డబ్బా ఎవరు తెప్పిస్తారు? బాల్కనీకి జాలీ ఉందా? ఇది తేలిగ్గా తీసుకోకండి, కాశీ కోతులు మన హంపి కోతులకు అన్నలు. ఆరేసిన చీర పట్టుకుపోయి పక్క మేడమీద కూర్చుని అరటిపండు ఇస్తేగానీ వదలవు. రైలు తెల్లవారుజామున దిగితే అప్పుడే గది ఇస్తారా, మధ్యాహ్నం దాకా గడప దగ్గర కూర్చోబెడతారా అన్నది కూడా ముందే తేల్చుకోవాలి. డిసెంబరు, జనవరిలో పొగమంచు వల్ల ఉత్తరాది రైళ్లు గంటల తరబడి ఆలస్యమవుతాయి, కాబట్టి వచ్చే వేళ ఖచ్చితంగా చెప్పలేమని కూడా వాళ్లకు ముందే చెప్పండి.

మణికర్ణిక, హరిశ్చంద్ర ఘాట్ల దాపున ఇల్లు తీసుకుంటే పగలూ రాత్రీ చితుల పొగ వస్తుంది. కొందరికి అది వైరాగ్యం, కొందరికి భయం. ఇంట్లో ఎవరికి ఏది అన్నది మీకే తెలుసు.

కింది అంతస్తు మేలన్నాను గదా, దానికి ఒక మినహాయింపు ఉంది. వానాకాలంలో వద్దు. కాశీ దగ్గర గంగకు ప్రమాదస్థాయి 71.262 మీటర్లు. 1978లో 73.901 మీటర్లకు ఎక్కింది, ఇప్పటిదాకా అదే రికార్డు. ఆగస్టు, సెప్టెంబరు నెలల్లో ఘాట్లన్నీ మునిగి, హారతి మేడల మీద ఇచ్చే రోజులు తరచు వస్తాయి. అప్పుడు అస్సీ చుట్టుపక్కల పల్లపు వీధుల్లోకి కూడా నీళ్లు వస్తాయి. మేం ఉన్న ఇంటి గోడ మీద నా నడుం ఎత్తున ఒక మరక ఉంది. ఇంటావిడను అడిగితే, "అది గంగమ్మ కూర్చున్న గుర్తు" అంది. కాబట్టి నెలను బట్టి అంతస్తు. నడవలేని పెద్దవాళ్లతో వానాకాలంలో అసలు వెళ్లకపోవడమే మంచిది. మే నెల ఎండ కూడా వాళ్లు తట్టుకోలేరు.

అద్దెలు పండగను బట్టి ఉంటాయి. కార్తిక పౌర్ణమినాటి దేవదీపావళికి, శివరాత్రికి ఘాట్ మీది గదులకు పట్టపగ్గాలుండవు. 2023 ఏప్రిల్ 22 నుంచి మే 3 వరకు గంగా పుష్కరాలకు, 2025లో ప్రయాగ కుంభమేళాకు వచ్చిన జనం కాశీలోనూ కిక్కిరిసిపోయారు. విశ్వనాథ ఆలయం చుట్టూ కట్టిన కారిడారును 2021 డిసెంబరు 13న ప్రారంభించారు, దానికోసం 300కు పైగా ఇళ్లను, కట్టడాలను తీసుకున్నారు. పాత గుర్తులు చెప్పి "ఫలానా సందులో మా తాతగారు దిగిన ఇల్లు" అని వెతికేవాళ్లకు ఆ సందే కనబడకపోవచ్చు. గుడి నుంచి గంగకు ఇప్పుడు నేరుగా దారి ఉంది, అది మాత్రం పెద్దవాళ్లకు సుఖమే.

మన సరిహద్దు జిల్లాలవాళ్లకు కాశీలో ఒక సౌకర్యం ఉంది, అది ఆంధ్రదేశం నడిబొడ్డున ఉన్నవాళ్లకు లేదు. మనకు ఇంట్లో ఒక భాష, బజారులో ఒక భాష. కాశీ ఘాట్లు కూడా అలా పేటలు పేటలుగా ఉన్నాయి. కేదార్ ఘాట్ పక్కనే విజయనగరం ఘాట్. కాస్త దక్షిణంగా హనుమాన్ ఘాట్ చుట్టూ తమిళులు, సుబ్రహ్మణ్య భారతి చిన్నతనంలో కొన్నేళ్లు ఉన్నది అక్కడే. ఆ దగ్గర్లోనే కర్ణాటక ఘాట్. ఉత్తరంగా పంచగంగా ఘాట్ వైపు మరాఠీ కుటుంబాలు. మన విజయనగరం ప్రాంతం నుంచి వెళ్లి, 1887లో సిద్ధి పొందిన త్రైలింగస్వామి మఠం కూడా ఆ పంచగంగ దగ్గరే. హోసూరు శ్రోతలు హనుమాన్ ఘాట్‌లో తమిళం మాట్లాడి ఇల్లు కుదుర్చుకోవచ్చు, నాందేడు, సోలాపురం వాళ్లు పంచగంగ వైపు మరాఠీలో బేరమాడవచ్చు. నా కన్నడం నాకు ఒక ఇంట్లో పనికొచ్చింది. ఇల్లు దొరకలేదు గానీ కాఫీ దొరికింది.

ఇంకొక ముఖ్యమైన మాట. వండుకుంటాం కదా అని గ్యాస్ సిలిండరు, స్టవ్వు రైల్లో పట్టుకెళ్లకండి. అది నిషేధం. 2023 ఆగస్టు 26న మదురై స్టేషను దగ్గర నిలిపి ఉన్న యాత్రా పెట్టెలో అగ్నిప్రమాదం జరిగి తొమ్మిదిమంది చనిపోయారు. వాళ్లు ఉత్తరప్రదేశ్ నుంచి రామేశ్వర యాత్రకు వచ్చిన వాళ్లు. నిషేధాన్ని కాదని తెచ్చుకున్న సిలిండరుతో పెట్టెలో వంటకు దిగారు. మనం అటు వెళ్తాం, వాళ్లు ఇటు వస్తారు, ఇంటి వంట మీద మక్కువ మాత్రం ఇద్దరికీ ఒకటే. కుక్కరు, పోపులడబ్బా, ఒక చిన్న కత్తి, గరిటె, ఇంతే మోసుకెళ్లండి. పొయ్యి అక్కడిదే వాడండి.

ఇక మా ఇంటావిడ గురించి. అరవై దాటిన మనిషి, పైఅంతస్తులో ఉండేది. మాట భోజ్‌పురి. అమ్మకు హిందీ రాదు. మూడు రోజులపాటు నేను దుబాసీ పని చేశాను. నాలుగో రోజు నేను గుడికి వెళ్లి వచ్చేసరికి ఇద్దరూ వంటింటి గడప మీద కూర్చుని బఠాణీలు వలుస్తున్నారు. అమ్మ తెలుగులో, ఆవిడ భోజ్‌పురిలో. విషయం మోకాళ్లని చేతులు చూస్తే తెలుస్తోంది. మా చారు ఒక గిన్నె పైకి వెళ్లింది. మర్నాడు పైనుంచి కిచిడీ వచ్చింది, మధ్యలో నెయ్యి గుంట చేసి. అమ్మ బయటి వంట ముట్టదని చెప్పాను కదా. నేను భయపడుతూ చూస్తున్నాను. ఆవిడ రెండు చేతులతో అందుకుని కళ్లకద్దుకుని తిన్నది. "కేదారేశ్వరుడే కిచిడీ అంట కదా, ఇంక నాకేం మడి" అంది.

అది కేదార్ ఘాట్ స్థలపురాణం. హిమాలయాల్లోని కేదారానికి ముసలితనంలో వెళ్లలేకపోయిన మాంధాత కాశీలో తన కోసం వండుకున్న కిచిడీయే లింగంగా మారిందని చెబుతారు. లింగం మధ్యలో గీత ఉంటుంది, అతిథికి సగం పంచిన గుర్తట. ఆ గుడికి ఘాట్ మెట్లు ఎక్కి వెళ్లనక్కర్లేదు, గల్లీ వైపు నుంచి ద్వారం ఉంది. కిచిడీ తిన్న సాయంత్రమే రిక్షాలో అమ్మను ఆ వైపునుంచి తీసుకెళ్లాం.

కాశీకి వెళ్తే ఒక కాయో పండో వదిలేయాలంటారు. హోటల్లో తింటే ఆ మాట తేలిక. వంటిల్లు ఉంటే రోజూ బజారుకు వెళ్లి ఇది వదలనా, అది వదలనా అని చూసుకుంటారు. మా బావగారు ఎన్నడూ తినని కాకరకాయ వదిలేస్తానన్నారు, అందరూ మందలించారు. అమ్మ వంకాయ వదిలేసింది. గుత్తివంకాయ ఆవిడ చెయ్యి. మేం వద్దన్నాం, మా కోసమైనా ఉంచుకోమన్నాం. "నేను తినేది మానినాను గానీ చేసేది మానలేదు కదా" అంది.

అమ్మకు కాశీలో మొత్తం పది రాత్రులయ్యాయి, ఒకటి ఎక్కువే. మొదటి రెండూ కిటికీ దగ్గర, ఎనిమిది గోడ ఎదురుగా. చివరి రోజు మిగిలిన పప్పు, బియ్యం, సగం వాడిన చింతపండు ఇంటావిడకు ఇచ్చేశాం. ఆవిడ చింతపండు వాసన చూసి, దీంతో ఏం చేయాలని సైగ చేసింది. అమ్మ పొయ్యి మళ్లీ వెలిగించి, రైలుకు రెండు గంటల ముందు, నిలబడి ఆవిడకు చారు పెట్టడం నేర్పింది. కరివేపాకు పొట్లం కూడా అక్కడే వదిలేసింది.

మా అమ్మకిప్పుడు మెట్లు అసలు కుదరవు. ఆవకాయ జాడీ మూత మాత్రం తిరిగివచ్చిన రోజే తానే కట్టింది.